కారు కిస్తీలో అసలెంత? వడ్డీ ఎంత?

నల్లగొండ జిల్లాలో కారు ఇప్పుడు పట్టణం వారి వస్తువు మాత్రమే కాదు. మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్, హాలియా చుట్టుపక్కల పల్లెల్లోనూ వాకిట్లో కార్లు నిలబడుతున్నాయి. కొందరు ఇంటి అవసరానికి కొంటున్నారు. మరికొందరు యువకులు కిరాయికి తిప్పుకొని బతుకుదామని, హైదరాబాదుకు పోయి టాక్సీ తోలుకుందామని కొంటున్నారు. ఇది సంతోషించదగిన విషయమే. అయితే రొక్కం పెట్టి కారు కొనగలిగే వారు పల్లెల్లో ఎందరుంటారు? బ్యాంకు అప్పు, కాకుంటే ఫైనాన్సు కంపెనీ అప్పు తప్పడం లేదు.

ఈ అప్పు విషయంలో ఒక లోపం కొట్టవచ్చినట్లు కనబడుతున్నది. కాగితాల మీద సంతకం పెట్టే రోజున అందరూ "నెలకు కిస్తీ ఎంత?" అని అడుగుతారు. ఆ కిస్తీలో అసలుకు ఎంత పోతుంది, వడ్డీకి ఎంత పోతుంది అని అడిగేవారు అరుదు. రెండున్నరేండ్లు కిస్తీలు కట్టి, ఏదో కష్టం వచ్చి బండి అమ్మబోయినప్పుడు సంగతి బయటపడుతుంది. ఐదేండ్ల అప్పులో సగం కాలం గడిచింది గనుక సగం బాకీ తీరిందని అనుకున్న మనిషికి, సగానికి మించి అసలు ఇంకా మిగిలే ఉందని చెబుతారు. "మమ్మల్ని మోసం చేసినారు" అని ఇతడు, "చూసుకొనే కదా సంతకం పెట్టినవు" అని వారు వాదులాడుకోవడం పరిపాటి అయింది.

నిజానికి అటువంటి సందర్భాల్లో చాలావాటిలో మోసం ఉండదు, లెక్క తెలియకపోవడమే ఉంటుంది. ఒకవేళ మోసమే జరిగినా, లెక్క తెలియనివాడు దాన్ని పట్టుకోలేడు. అందుచేత ఆ లెక్కను విడమరిచి చెప్పడం అవసరమని భావిస్తున్నాము.

లెక్క ఇదీ

మన ఊళ్లలో మిత్తిని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటాము. బ్యాంకుల వారు ఏడాదికి ఇంత శాతం వడ్డీ అని చెబుతారు. నూటికి రూపాయి మిత్తి అంటే ఏడాదికి 12 శాతం. లెక్క సులువుగా సాగుతుంది కనుక ఆ రేటునే తీసుకుందాం. ఒక యువకుడు 5 లక్షల రూపాయల కారు అప్పును 12 శాతం వడ్డీకి, 60 నెలల్లో తీర్చే ఒప్పందం మీద తీసుకున్నాడనుకుందాం. అతనికి నెలకు పడే కిస్తీ 11,122 రూపాయలు.

మొదటి నెల అతని మీద ఉన్న అసలు 5 లక్షలు. నూటికి రూపాయి చొప్పున ఆ నెల వడ్డీ 5,000 రూపాయలు. కాబట్టి అతడు కట్టిన 11,122లో 5,000 వడ్డీ కింద జమ అవుతుంది. మిగిలిన 6,122 మాత్రమే అసలు కింద పోతుంది. రెండవ నెలకు అసలు 4,93,878కి దిగుతుంది. ఆ నెల వడ్డీ 4,939, అసలుకు పోయేది 6,183. మూడవ నెల వడ్డీ 4,877, అసలుకు 6,245. ఇట్లా నెలనెలా వడ్డీ భాగం తగ్గుతూ, అసలు భాగం పెరుగుతూ వస్తుంది. కిస్తీ మాత్రం అదే 11,122. పైకి అంకె మారదు గనుక లోపల జరిగే మార్పు కట్టేవాడికి తెలియదు.

ఏడాది వారీగా చూస్తే ఇంకా తేటపడుతుంది. మొదటి ఏడాది 12 కిస్తీల్లో అతడు కట్టేది లక్షా 33 వేల పైచిలుకు. అందులో దాదాపు 55,800 వడ్డీకే పోతుంది. అసలు తగ్గేది 77,600. ఐదవ ఏడాది కూడా కట్టే మొత్తం అంతే. కాని అప్పుడు వడ్డీ 8,300 దాటదు. లక్షా 25 వేలకు పైగా అసలుకే పోతుంది. చిట్టచివరి కిస్తీలో వడ్డీ 110 రూపాయలు మాత్రమే. మొత్తం ఐదేండ్లలో కట్టేది 6,67,333 రూపాయలు. అంటే వడ్డీ 1,67,333 అన్నమాట.

ముందు చెప్పిన వాదులాట సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. 30 కిస్తీలు పూర్తయ్యేసరికి ఈ యువకుడు 3,33,667 రూపాయలు కట్టి ఉంటాడు. అందులో లక్షా 20 వేల పైచిలుకు వడ్డీకి పోయింది. తీరిన అసలు 2 లక్షల 13 వేలు. ఇంకా మిగిలిన అసలు 2 లక్షల 87 వేలు. ఇందులో దొంగలెక్క ఏమీ లేదు.

రైతులకు కౌలు లెక్క తెలియనిది కాదు. ఐదెకరాలు కౌలుకు తీసుకున్నవాడు ఐదెకరాలకు కౌలు కడతాడు. రెండెకరాలు ఆసామికి తిరిగి అప్పగించిన తర్వాత మూడెకరాలకే కడతాడు. వడ్డీ కూడా డబ్బుకు కట్టే కౌలే. మొదట్లో చేతిలో ఉన్న పరాయి సొమ్ము ఎక్కువ, కౌలూ ఎక్కువ. సొమ్ము తిరిగి ఇచ్చిన కొద్దీ కౌలు తగ్గుతుంది. ఈ పద్ధతిని బ్యాంకుల భాషలో తగ్గే నిల్వపై వడ్డీ అంటారు.

7 శాతం చవకా? 12 శాతం పిరమా?

అసలు ప్రమాదం మరొక పద్ధతిలో ఉన్నది. దాన్ని ఫ్లాట్ వడ్డీ అంటారు. ఇందులో మొదట తీసుకున్న అసలు మీదనే చివరి నెల దాకా వడ్డీ కడతారు. నాలుగెకరాలు తిరిగి అప్పగించిన తర్వాత కూడా ఐదెకరాలకు కౌలు వసూలు చేసినట్లుంటుంది ఈ వ్యవహారం. పాత బండ్ల మీద, ట్రాక్టర్ల మీద, ఆటోల మీద ఇచ్చే అప్పుల్లో ఈ మాట వినబడుతూ ఉంటుంది.

ఒక చోట "మా వడ్డీ 7 శాతమే" అన్నారనుకోండి. మరొక చోట 12 శాతం అన్నారు. ఎవరైనా 7 శాతం వైపే మొగ్గుతారు. ఆ 7 శాతం ఫ్లాట్ అయినట్లయితే 5 లక్షలకు ఏడాదికి 35,000 చొప్పున ఐదేండ్లకు వడ్డీ 1,75,000 అవుతుంది. నెల కిస్తీ 11,250. తగ్గే నిల్వపై 12 శాతం అన్నవారి వడ్డీ 1,67,333, కిస్తీ 11,122. అంటే 7 శాతం అన్న అప్పు 12 శాతం అప్పు కన్నా పిరం!

ఇక 12 శాతమే ఫ్లాట్ అయితే ఐదేండ్ల వడ్డీ 3 లక్షలు. కిస్తీ 13,333. రూపాయి మిత్తి అని చెప్పి ఇచ్చిన ఆ అప్పు నిజానికి నూటికి రూపాయి డెబ్బై పైసల దగ్గర పడుతుంది. ఏడాదికి 20 శాతం దాటుతుంది. ఒక్క మాట అడగనందుకు ఆ కుటుంబం మీద లక్షా 32 వేల భారం అదనంగా పడుతుంది. పల్లెలో ఆ డబ్బుతో ఎన్ని పనులు గట్టెక్కుతాయో వేరే చెప్పనక్కరలేదు.

అందుచేత రేటు ఎంత అని మాత్రమే అడిగితే చాలదు. అది ఫ్లాటా, తగ్గే నిల్వ మీదనా అని అడగాలి. అది చెప్పడానికి నసిగితే, కిస్తీని నెలలతో గుణించి, అందులో నుంచి తీసుకున్న అసలును తీసివేయాలి. మిగిలిందంతా వడ్డీ. ఈ లెక్కకు పెద్ద చదువు అక్కరలేదు. ఇంట్లో ఆరవ తరగతి చదివే పిల్లవాడు చేసి పెడతాడు.

చేతిలో డబ్బు ఆడినప్పుడు

ఉద్యోగికి నెలనెలా జీతం వస్తుంది. మన రైతుకు డబ్బు పంట వచ్చినప్పుడే కనబడుతుంది. వడ్లు అమ్మినప్పుడో, పత్తి తూకం వేసినప్పుడో, బత్తాయి తోట గుత్తకు ఇచ్చినప్పుడో పది పైసలు చేతిలో ఆడతాయి. ఆ డబ్బులో కొంత కారు అప్పుకు అదనంగా కడితే అది నేరుగా అసలులో తగ్గుతుంది. ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

మన ఉదాహరణలోని యువకుడు 12 కిస్తీలు కట్టిన తర్వాత ఒకేసారి 50,000 అదనంగా కట్టాడనుకుందాం. కిస్తీ పాతదే ఉంచుకుంటే, మిగిలిన 48 నెలల అప్పు 41 నెలల్లో తీరిపోతుంది. వడ్డీలో దాదాపు 28,000 మిగులుతుంది. కాలం మార్చకుండా కిస్తీని తగ్గించుకుంటే అది 9,806కు దిగుతుంది గాని, మిగిలే వడ్డీ 13,000 మాత్రమే. అదే 50,000ను నాలుగేండ్లు ఆగి కడితే మిగిలేది 5,200 రూపాయలు. డబ్బు అదే అయినా, ముందు కట్టినవాడికీ ఆలస్యంగా కట్టినవాడికీ ఇంత తేడా ఉన్నది. నారు అదును మీద పడినప్పుడే దిగుబడి అన్నట్లు, అసలు కూడా మొదటి ఏండ్లలో తగ్గితేనే లాభం.

అయితే ఇక్కడ కొన్ని జాగ్రత్తలు అవసరం.

మొదటిది, అదనంగా కట్టే డబ్బును అసలు కిందనే జమ చేసుకోవాలని, కాలం తగ్గించాలని దరఖాస్తు రాసి ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటిమాటతో ఇచ్చి వస్తే, రాబోయే కిస్తీల కింద పక్కన పెట్టే ప్రమాదం ఉన్నది. అప్పుడు వడ్డీ తగ్గదు.

రెండవది, ముందుగా కట్టినందుకు ఛార్జీ ఉన్నదా అని తెలుసుకోవాలి. రిజర్వు బ్యాంకు 2025 జూలైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేక పునరుద్ధరించిన అప్పుల్లో, మారే వడ్డీ రేటు మీద వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్నవాటికి ఆ ఛార్జీ వేయరాదు. కిరాయి బండి వంటి వ్యాపారపు అప్పుకు, అప్పు ఇచ్చిన సంస్థను బట్టి నిబంధన మారుతుంది. కారు అప్పుల్లో స్థిర వడ్డీవి చాలా ఉంటాయి. వాటికి ఒప్పందంలో రాసుకున్న ప్రకారం ఛార్జీ పడవచ్చు. నూటికి 3 చొప్పున పడిందనుకున్నా 50,000కు 1,500, దాని మీద జీఎస్టీ. మిగిలే 28,000 ముందు అది పెద్దది కాదు. కాని అప్పు ఆఖరికి వచ్చినప్పుడు మాత్రం లెక్క చూసుకొనే కట్టాలి.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. షావుకారు దగ్గర రెండు రూపాయలకో, మూడు రూపాయలకో తెచ్చిన బాకీ ఉంటే ముందు దాన్ని తీర్చాలి. అది ఏడాదికి 24 శాతం, 36 శాతం. దాన్ని అట్లాగే ఉంచి 12 శాతం అప్పును ముందుగా తీర్చడం తెలివి కాదు. వచ్చే పంట పెట్టుబడికి, ఇంట్లో రోగానికి, రొష్టుకు ఉంచుకోవలసిన డబ్బును కూడా ఊడ్చి కట్టరాదు. అట్లా కట్టి నెల తిరగకుండానే మళ్లీ మూడు రూపాయల మిత్తికి చేయి చాచినవాడికి లాభం లేకపోగా నష్టమే.

కిస్తీ తప్పితే

వానలు ముఖం చాటేసినప్పుడు, కిరాయిలు దొరకనప్పుడు కిస్తీ తప్పడం సహజం. కట్టని నెలలో అసలు తగ్గదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా ఆలస్యపు ఛార్జీ పడుతుంది. ఖాతాలో డబ్బు లేక కిస్తీ తిరిగిపోతే, ఖాతా ఉన్న బ్యాంకు ఒక కోత వేస్తుంది, అప్పు ఇచ్చినవారు ఇంకొక కోత వేస్తారు.

ఈ ఆలస్యపు రుసుము విషయంలో రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశాలిచ్చింది. అవి 2024లో అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం తప్పిన కిస్తీకి అపరాధ రుసుము వేయవచ్చు గాని, దాన్ని వడ్డీ రేటులో కలపరాదు. ఆ రుసుము మీద మళ్లీ వడ్డీ కట్టరాదు. లెక్క కాగితంలో అట్లా కనబడితే నిలదీసి అడిగే హక్కు ఉన్నది.

బ్యాంకు అప్పు 90 రోజులు దాటి బాకీ పడితే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. ఆ తర్వాత పంట రుణానికి పోయినా పాత మచ్చ అడ్డం వస్తుంది. కాబట్టి ఇబ్బంది వచ్చినప్పుడు ఫోను ఎత్తకుండా తప్పించుకు తిరగడం కన్నా, ముందే శాఖకు పోయి మేనేజరుతో మాట్లాడి, గడువు పెంచమని రాసి ఇవ్వడం మేలు. గడువు పెరిగితే కిస్తీ తగ్గుతుంది గాని మొత్తం వడ్డీ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. ఇక గూండాలను పెట్టి దౌర్జన్యంగా బండ్లు లాక్కునే పద్ధతిని 2007లోనే సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. బాకీ పడ్డవాడికి కూడా చట్టం ఉన్నదని వసూలుదారులు మరువరాదు.

అడిగి తీసుకోవలసిన కాగితాలు

ఈ లెక్కలన్నీ ఒకే చోట రాసి ఉండే కాగితం ఒకటి ఉన్నది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇటువంటి కొత్త అప్పులకు, బ్యాంకులైనా ఫైనాన్సు కంపెనీలైనా ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. దాన్ని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో అది ఉండాలి. అంటే మన రైతుకు తెలుగులో ఉండాలి. అందులో ఏ కిస్తీలో అసలెంత, వడ్డీ ఎంత అన్న పట్టిక ఉంటుంది. వడ్డీతో బాటు ప్రాసెసింగ్ ఫీజు వంటి ఖర్చులన్నీ కలిపి ఏడాదికి పడే నిజమైన రేటు ఉంటుంది. ఆ రేటును ఏపీఆర్ అంటారు. రెండు చోట్ల అప్పును పోల్చి చూడడానికి అదే సరైన కొలబద్ద. ఫ్లాట్ మాటల మాయ దాని ముందు నిలవదు. పత్రంలో లేని ఛార్జీని, తీసుకున్నవాడి ఒప్పుకోలు లేకుండా తర్వాత వేయడానికి వీలు లేదు.

అప్పు నడుస్తుండగా ఏడాదికొకసారి ఖాతా లెక్క తీసుకోవాలి. అందులో అసలు నిల్వ ఎంత ఉందో చూసి, పట్టికతో పోల్చుకోవాలి. ఆ నిల్వను ఏడాది వడ్డీ రేటుతో గుణించి 1,200తో భాగిస్తే ఆ నెల వడ్డీ వస్తుంది. రోజుల లెక్క వల్ల కొన్ని రూపాయలు అటూ ఇటూ కావచ్చు. వందల్లో తేడా వస్తే అడగవలసిందే.

అప్పు పూర్తిగా తీరిన నాడు పని అయిపోయిందనుకొని ఇంటికి పోరాదు. బాకీ లేదన్న పత్రం, ఫారం 35 తీసుకొని రవాణా శాఖ కార్యాలయంలో ఇచ్చి, ఆర్సీ మీద ఉన్న ఫైనాన్సు పేరు తీయించుకోవాలి. లేనట్లయితే బండి అమ్మబోయిన రోజున మళ్లీ తిరుగుడు తప్పదు.

ఫిర్యాదు ఉంటే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండా ఫిర్యాదు చేసుకోవచ్చు.

బ్యాంకుల వారికి విజ్ఞప్తి

కాగితం ఇవ్వాలన్న నిబంధన మంచిదే. కాని సంతకాల కట్టలో నడుమ ఎక్కడో ఆ పత్రాన్ని పెట్టి, "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ పెట్టు" అని వేలు చూపిస్తే నిబంధన తీరుతుంది గాని ప్రయోజనం నెరవేరదు. దాన్ని చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పవలసిన బాధ్యత అప్పు ఇచ్చేవారి మీద ఉన్నది. షోరూములో కూర్చొని అప్పు కుదిర్చే ఏజెంటుకు ఈ ఓపిక ఉంటుందని ఆశించలేము. అతనికి బండి కదలడమే ముఖ్యం.

1969లో బ్యాంకుల జాతీయీకరణ జరిగిన ఏడాదే లీడ్ బ్యాంకు పథకం కూడా వచ్చింది. ప్రతి జిల్లాలో బ్యాంకింగును పల్లె దాకా తేవడం దాని ఉద్దేశం. శాఖలు వచ్చాయి, అప్పులు వచ్చాయి. లెక్క తెలియజెప్పే పని మాత్రం వెనుకబడింది. ఆర్థిక అక్షరాస్యత శిబిరాల్లో పొదుపు చేయండి, బీమా కట్టండి అని చెప్పడంతో సరిపెట్టకుండా, ఒక కారు అప్పునో, ట్రాక్టరు అప్పునో తీసుకొని బోర్డు మీద కిస్తీ లెక్క వేసి చూపించాలని జిల్లా బ్యాంకు అధికారులను కోరుతున్నాము. ప్రతి శాఖలో 5 లక్షల అప్పుకు ఫ్లాట్ వడ్డీ ఎంత, తగ్గే నిల్వపై వడ్డీ ఎంత అన్న పట్టికను తెలుగులో గోడకు వేలాడదీయాలి. ఏడాదికొకసారి అసలు నిల్వను, కట్టిన వడ్డీని చూపే చీటీ అడగకముందే ఇంటికి అందాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

గ్రామస్థులు కూడా ఒక అలవాటు చేసుకోవాలి. కొత్త కారుకు కొబ్బరికాయ కొట్టే రోజునే, కిస్తీల పట్టికను అట్టకు అంటించి ఇంట్లో పెట్టుకోవాలి. కట్టిన నెలకు ఎదురుగా టిక్కు పెట్టుకుంటూ, మిగిలిన అసలు ఎంతో ఇంట్లో ఆడవారికి, చదువుకునే పిల్లలకు తెలిసేటట్లు చూడాలి. అప్పు చేసిన మనిషికి ఏదైనా అయితే ఆ లెక్క చూసుకోవలసింది వారే కదా. కారు పాతబడిన కొద్దీ దాని ధర పడిపోతూనే ఉంటుంది. దాని మీద ఉన్న అసలు అంతకన్నా వేగంగా తగ్గుతున్నదా లేదా అని ప్రతి పంటకూ ఒకసారి చూసుకున్నవాడు అమ్మబోయిన రోజున నష్టపోడు.